మాత్రల సంగతి ఎత్తకూడదనుకున్న ఉత్తరం

మార్కాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

చి.సౌ. మాధవిని అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చిన్నది క్షేమమని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వితే నవ్వావు గానీ పూర్తిగా చదువు. ఫోన్లో అయితే "ఊ", "సరేమా", "మీటింగుంది" అని పెట్టేస్తావు. ఈ మధ్య అదీ లేదు, బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటున్నావు. కాగితాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా. ప్రత్యేకంగా సంగతేమీ లేదు. పార్సిల్ కడుతున్నాను, దాంతోపాటు నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను, అంతే.

పార్సిల్లో రాగిపిండి, కరివేపాకు పొడి, నువ్వుల ఉండలు, చిన్నదానికి జంతికలు ఉన్నాయి. పొడిలో ఉప్పు సగమే వేశాను, చప్పగా ఉందని పారెయ్యకు. ఉండల్లో బెల్లం కూడా తగ్గించాను. ఆవకాయ పంపలేదు. అలగకు, కారణం నీకు తెలుసు. నీ ఊపిరితిత్తుల జబ్బుకి ఇచ్చిన ఆ స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది. నీ వాటా జాడీలో విడిగా తీసి గుడ్డ కట్టి పెట్టాను. ఎక్కడికీ పోదు.

మీ నాన్న మోకాలు అలాగే ఉంది. చెన్నకేశవస్వామి గుడి మెట్ల దాకా నడుస్తారు, అక్కడ కూర్చుని ఊళ్లో రాజకీయమంతా మాట్లాడి ఆటోలో వస్తారు. బోరు మళ్లీ అడుగంటింది. పక్కింటి భారతి కోడలికి కొడుకు పుట్టాడు. పేరు నోరు తిరగదు.

రమణన్న మొన్న పనిమీద వచ్చి మీ ఇంట్లో భోంచేసి వెళ్లాడటగా. వంకాయ కూర బాగా చేశావని పదిసార్లు చెప్పాడు. పాపం వాడికి ఏ మాట దాచాలో తెలియదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఫ్రిజ్ మీద మందుల డబ్బా చూసి "ఇంకా వేసుకుంటున్నావా" అంటే, "రోజు మార్చి రోజు వేసుకుంటున్నా, శిరీష పెళ్లిలోపు ఆపేస్తా" అన్నావట. "మాత్రలకు ఉబ్బిన ఈ మొహంతో ఫోటోల్లో నిలబడలేను" అన్నావట. నువ్వు నవ్వుతూనే అన్నావని వాడు చెప్పాడు. నేను వాణ్ని ఏమీ అడగలేదు. వాడే చెప్పాడు.

దీని మీద లెక్చర్ ఇవ్వనని మీ నాన్నకు మాటిచ్చాను. అందుకని వేరే సంగతి రాస్తాను.

మీ నాయనమ్మ ఆయాసం నీకు లీలగా గుర్తుండి ఉంటుంది. పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆ దుమ్ముకి తోడు ఇంటికొచ్చి కట్టెల పొయ్యి ఊదడం. రాత్రుళ్లు మంచం మీద కూర్చుని, రెండు చేతులూ పట్టెమీద ఆనించి ఎగపీల్చేది. అప్పట్లో శుక్రవారం శుక్రవారం సత్రం దగ్గరికి ఒకాయన వచ్చేవాడు. న్యూస్‌పేపర్ ముక్కల్లో బూడిదరంగు పొడి పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. తేనెలో కలుపుకుని పొద్దునా రాత్రీ నాకమనేవాడు. "మూలికలు, సైడెఫెక్టులుండవు" అనేవాడు. నాయనమ్మ వారం తిరక్కుండానే లేచి తిరిగింది. ఆకలి ఎంతలా పెరిగిందంటే మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకునేది. బుగ్గలు నిండాయి, మొహం గుండ్రంగా మెరిసిపోయేది. వీధంతా ఆవిణ్ణి చూసి ఆ పొడికోసం క్యూ కట్టింది. నేను అప్పటికి పెద్దారవీడు వైపు ఆరోగ్య సబ్‌సెంటర్లో నర్సుగా చేస్తున్నాను. ఆవిడ ముంజేతి మీద తోలు ఉల్లిపొరలా పలచబడి, గాజు తగిలినా నల్లగా కములుతుంటే నాకు అనుమానమొచ్చింది. "అత్తయ్యా, ఇందులో ఇంగ్లీషు మందేదో కలుపుతున్నాడు, స్టెరాయిడ్ అయి ఉంటుంది" అన్నాను. "నీ సూదిమందు చదువు నీ సబ్‌సెంటర్లో పెట్టుకో" అంది. మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత ఆయన రావడం మానేశాడు. పోలీసులు పట్టుకున్నారన్నారు, ఇంకో ఊరు మారాడన్నారు, ఎవరికీ తెలియదు. పొట్లాలు అయిపోయాయి. రెండు మూడు రోజులు నాయనమ్మ నీరసమంది. తర్వాత వాంతులు. ఒకరోజు పొద్దున మంచం దిగబోయి అక్కడే కూలబడింది. బీపీ చూస్తే పైది ఎనభై కూడా లేదు. జీపు మాట్లాడుకుని ఒంగోలు తీసుకుపోయాం. పొదిలి దాటేవరకు మీ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు, దాటాక "ఆ పొడి పొట్లం కాగితం ఏమన్నా ఉందా" అని నన్నే అడిగారు. నా పర్సులో ఉంది. అక్కడి డాక్టరు ఆ కాగితం చూడలేదు గానీ, ఆవిడ మొహం, చేతులు చూసి "ఏం పొడి తిన్నావమ్మా" అని అడిగాడు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్, సెలైన్ పెట్టారు. మర్నాడు పొద్దున లేచి కూర్చుని, "ఈ ఆసుపత్రి కాఫీ కాఫీలా లేదు" అంది. అంత దూరం పోయిన మనిషి అంత త్వరగా తిరిగొచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను. తర్వాత అదే జాతి మందును మాత్రగా రాసి, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు.

ఇదంతా ఎందుకు రాశానంటే, నువ్వు వేసుకునే ప్రెడ్నిసొలోన్ ఆ జాతి మందే. నాయనమ్మకు ప్రాణం మీదికొచ్చింది ఆ మందు తిన్నందుకే కాదు. అదేమిటో, ఎంత తింటోందో తెలియకుండా తిని, ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల. నీకైతే మోతాదు రాసిన చీటీ ఉంది, స్కాన్ చూసి రాసిన డాక్టరున్నాడు. అవి పెట్టుకుని కూడా సత్రం దగ్గరి పొడిలాగా వాడతానంటే ఏమనాలి?

మన మూత్రపిండాల మీద చిన్న గ్రంథులు రెండుంటాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్ రోజూ అవే తయారు చేసుకుంటాయి. బయటినుంచి మాత్ర మూడు నాలుగు వారాలు దాటి వస్తూంటే, కోడలొచ్చాక వంటింటి గడప తొక్కని అత్తగారిలా, అవి పని మానేస్తాయి. కోడలు చెప్పాపెట్టకుండా పుట్టింటికి పోతే ఆ అత్తగారికి ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదు. అందుకే డాక్టరు మెల్లగా తగ్గిస్తాడు. చివర్లో, ఐదు మిల్లీగ్రాముల దగ్గరికొచ్చాక మరీ మెల్లగా. నీకు ఒంట్లో బాగుందనిపించినా సరే. బాగుండటం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, అక్కర్లేదనడానికి కాదు. ఈ మాట పల్లెల్లో టీబీ మాత్రలిస్తూ ఎంతమందికి చెప్పానో. నా కూతురికి చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

రోజు మార్చి రోజు పద్ధతి కొన్ని జబ్బుల్లో ఉంది, కాదనను. కానీ అది డాక్టరు లెక్క కట్టి ఇచ్చేది, మనం మొహం అద్దంలో చూసుకుని మొదలుపెట్టేది కాదు. ఇప్పటికే అలా చేస్తుంటే ఈ ఉత్తరం మడిచి పెట్టి ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఎన్ని రోజులు ఎంత వేసుకున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. నీ అంతట నువ్వే మళ్లీ పాత డోసుకు ఎక్కకు. ఈ లోపల బాగా నీరసం, వాంతులు, లేస్తే కళ్లు తిరగడం ఉంటే ఫోనూ వద్దు, నేరుగా ఆసుపత్రికి పోయి "స్టెరాయిడ్ మీద ఉన్నాను, మధ్యలో తగ్గించేశాను" అని చెప్పండి. అల్లుడుగారికి ఈ వాక్యం చదివి వినిపించు. ఆయనకు నేను ఫోన్ చేస్తే "తనే చూసుకుంటుంది అత్తయ్యా" అంటారు. మంచి మనిషే, గట్టిగా అడగడం రాదు.

లెక్చర్ అయిపోయింది. మీ నాన్న పడుకున్నారు, చూడలేదు.

చిన్నదాని స్కూల్లో ఆటలమ్మ తిరుగుతోందని మెసేజ్ పెట్టావు. నీకు రెండో తరగతిలో పోసింది, వేపాకుల మీద పడుకోబెట్టాను, గుర్తుందా? అయినా ఈ మాత్ర మీద ఉన్నప్పుడు దాని సంగతి డాక్టరు చెవిన వేసి పెట్టు. జ్వరమొచ్చినా, దగ్గులో కఫం రంగు మారినా అంతే. ఈ మందు జ్వరాన్ని కూడా అణిచి దాస్తుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది. పళ్ల డాక్టరు దగ్గరికి పోయినా, ఏ టీకా వేయించుకోబోయినా ముందు మాత్ర పేరు చెప్పు. పర్సులో చిన్న కాగితం మీద మందు పేరు, డోసు రాసి పెట్టుకో. నడుం నొప్పంటూ మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనకు, రెండూ కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం పెరుగుతుంది.

పెద్దమ్మ దగ్గుకి అతిమధురం కషాయం పంపిస్తానని ఫోన్ చేస్తుంది. "సరే పెద్దమ్మా" అను, తాగకు. అది ఈ మందు ప్రభావాన్ని పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. నేను చెప్పానని మాత్రం చెప్పకు, నాకు ఇక్కడ పండగలకు మొహాలు చూసుకోవాలి.

రాత్రి రెండింటికి వాట్సాప్‌లో కనిపిస్తున్నావు. మాత్ర సాయంత్రం వేసుకుంటున్నావేమోనని నా అనుమానం. రోజుకి ఒకేసారి రాసిచ్చినప్పుడు పొద్దున టిఫిన్ చేశాక వేసుకోవాలి. ఒంట్లో సహజంగా కూడా పొద్దునే ఎక్కువ ఊరుతుంది. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. నిద్ర లేక, చిరాకు పుట్టి, ఆ చిరాకులో మొహం చూసుకుంటే అది ఉన్నదానికన్నా పెద్దగానే కనిపిస్తుంది. పొద్దున మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో, మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి మింగకు.

మొహం సంగతి. డోసు తగ్గేకొద్దీ నెలల మీద తగ్గుతుంది, నాయనమ్మకు తగ్గింది, నీకూ తగ్గుతుంది. అంతవరకు నీకు ఫోటోలిష్టం లేకపోతే దిగకు. శిరీషకు నేను చెబుతాను. తలంబ్రాలప్పుడు నువ్వు పక్కన ఉండాలని దాని కోరిక, ఆల్బంలో ఉండాలని కాదు. పిన్ని ఏమన్నా అంటే నేను చూసుకుంటాను, పిన్నితో నాకు పాత లెక్కలు కొన్ని ఉన్నాయి. పెళ్లికి రావడమే వద్దనుకుంటున్నావేమో, అది మాత్రం కుదరదు. లంగావోణీ ఫంక్షన్లో నీ పక్కన నిలబడటానికి అది ఎంత ఏడ్చిందో మరిచావా?

ముంబయిలో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలు మూయించారని టీవీలో చూపించారు. పాపం పక్షులని కొందరు గొడవ. నాకూ పక్షులంటే ఇష్టమే, కానీ నా పిల్ల ఊపిరితిత్తులంటే ఇంకొంచెం ఎక్కువ ఇష్టం. మీ పై ఫ్లాట్ ఆవిడ ఇంకా బాల్కనీలో గింజలు చల్లుతోందా? అసోసియేషన్‌లో చెప్పమన్నాను, చెప్పారా? ఏసీ పెట్టె వెనక పావురాల గూడు తీయించారా? రెట్ట ఎండిపోయి పొడి అయి గాలిలో కలుస్తుంది, నీకు జబ్బు తెచ్చింది అదే. ఎన్ని మాత్రలు మింగినా అది అక్కడే ఉంటే ఏం లాభం. నువ్వు మాత్రం చీపురు పట్టుకోకు. మనిషిని పెట్టించు, వాళ్లకు ఎన్-95 మాస్కు ఇవ్వు, ముందు నీళ్లు చల్లి తడిపి తీయమను. ఆ రోజంతా నువ్వూ చిన్నదీ వాళ్ల నానమ్మ ఇంట్లో ఉండండి. ఈకల దిండు కొన్నావని చిన్నది చెప్పింది. అది ఎవరికైనా ఇచ్చెయ్.

వెంకట్రామా క్యాలెండర్ ఒకటి పెట్టాను. నీ చీటీ ఫోటో నా ఫోన్లో ఉంది కదా, అది చూసి ఏ వారం ఎన్ని మిల్లీగ్రాములో గళ్లలో ఎర్ర పెన్నుతో రాశాను. ఇప్పుడు డాక్టరు మారిస్తే అవి కొట్టేసి నువ్వు రాసుకో. ఐదుదీ, పదిదీ మాత్రలు చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు, షాపువాడు ఇచ్చినప్పుడు అట్ట మీద అంకె చదువు. షుగరు చివరిసారి ఎంతొచ్చిందో నాకు పంపు. కాల్షియం వేసుకుంటున్నావో లేదో కూడా. ఎముకలు పలచబడతాయి, రాగిపిండి అందుకే.

ఆసుపత్రికి ఒక్కదానివే పోవాలంటే టెన్షన్‌గా ఉంటే చెప్పు, రాత్రి రైలెక్కి వచ్చేస్తాను. మీ నాన్నకు పప్పుచారు పెట్టుకోవడం వచ్చు. వస్తే నాలుగు రోజులుండి పోతాను, నీ వంటింట్లో ఏదీ సర్దను.

పార్సిల్ అందగానే ఫోటో పెట్టు. పార్సిల్‌ది కాదు, మాత్రల డబ్బా మూత తీసి పెట్టు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: రాగిపిండి డబ్బాలో పోసే ముందు ఒకసారి జల్లించు, మిల్లులో వేడిగా ఉండగానే కట్టించాను. జంతికల కవరు చిన్నదానికి ఒక్కసారే ఇవ్వకు.