ఫీజు సరే, మిగతా వివరాలేవి?

సంపాదకులకు,

రాబోయే టెక్నాలజీల గురించి కొన్ని వారాల్లో నేర్పుతామంటున్న అమెరికా కోర్సుపై మీ వార్తలో ఫీజు ఇచ్చారు, దరఖాస్తు గడువు ఇచ్చారు. చేరాలనుకునేవాళ్లకు అవి చాలవు.

ఈ తరహా చదువుకు పేరు తెచ్చింది సింగులారిటీ యూనివర్సిటీ. ఆవిష్కర్త రే కర్జ్‌వైల్, పారిశ్రామికవేత్త పీటర్ డయామండిస్ కలిసి కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం ఆవరణలో 2009 వేసవిలో తరగతులు మొదలుపెట్టారు. అప్పట్లో తొమ్మిది వారాలకు ఫీజు 25,000 డాలర్లు. తొలి ఏడాది 40 సీట్లకు 1,200కు పైగా దరఖాస్తులొచ్చాయి. పేరులో యూనివర్సిటీ ఉన్నా దానికి అక్రిడిటేషన్ (విద్యాసంస్థగా అధికారిక గుర్తింపు) లేదు, డిగ్రీ ఇవ్వలేదు. అంత డబ్బూ పోసింది అక్కడి పరిచయాలకు, అక్కడ చేసే ప్రాజెక్టుకు. తెలిసి కడితే తప్పులేదు. పీజీ పట్టా వస్తుందనుకుని కట్టేవాళ్లతోనే చిక్కు.

కట్టేముందు రీఫండ్ షరతు చదవాలి. కాలిఫోర్నియాలో రాష్ట్ర ప్రభుత్వ ప్రైవేటు విద్యాసంస్థల బ్యూరో అనుమతి ఉన్న సంస్థయితే, తొలి తరగతి రోజు లేదా చేరిన ఏడో రోజు, ఏది తర్వాతదైతే అప్పటిదాకా మానుకోవచ్చు. దరఖాస్తు రుసుం, డిపాజిట్ కింద 250 డాలర్లకు మించి పట్టుకోకూడదు. ఆపైన కోర్సులో 60 శాతం దాటకముందు మానేస్తే మిగిలిన కాలానికి దామాషాగా ఫీజు తిరిగిరావాలి. అంటే తొమ్మిది వారాలకు 25,000 డాలర్లు తీసుకునే కోర్సును మూడు వారాలకే మానేస్తే సుమారు 16,667 డాలర్లు. ఆ అనుమతి లేని సంస్థయితే ఒప్పందంలో రాసుకున్నదే దిక్కు. బస, భోజనం ఫీజులో కలిశాయా అన్నదీ అందులోనే చూసుకోవాలి.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇవ్వాలంటే సంస్థకు ఎస్‌ఈవీపీ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ విభాగం) గుర్తింపు ఉండాలి. లేకపోతే ఏ వీసాపై పిలుస్తారో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట కాన్సులేట్‌లో చెల్లదు.

సీటొస్తే ఫీజంతా కట్టాల్సిందేనని కూడా అనుకోనక్కర్లేదు. సింగులారిటీ వేసవి కోర్సును ఉచితం చేయడానికి 2015లో గూగుల్ ఏటా 15 లక్షల డాలర్ల చొప్పున రెండేళ్లపాటు ఇవ్వడానికి ముందుకొచ్చింది. అంతకుముందు కూడా వివిధ దేశాల్లో పోటీలు పెట్టి, గెలిచినవారికి ఉచిత సీటు ఇచ్చేవారు. ఈ కొత్త కోర్సులో అలాంటి సీట్లెన్ని, వాటికి వేరే ఫారం ఉందా, గడువు ముందే ముగుస్తుందా అన్నవి నిర్వాహకులను అడిగి ప్రచురించగలరు.

– విదేశీ విద్యా సలహాదారులు