నీక్వా వ్యాలీ హైస్కూలు, మన శనివారాలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నిరుటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ముగ్గుల పోటీ, వేసవి పిక్నిక్ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు. జమాఖర్చులు విడిగా పంపాం. ఈసారి కార్యవర్గం సమయమంతా మన పిల్లలు చదివే నీక్వా వ్యాలీ హైస్కూలు చుట్టూనే తిరిగింది కాబట్టి నివేదికా దాని గురించే.

కొత్తగా అమెరికాలో చికాగో దగ్గరున్న మన ఊరు నేపర్‌విల్‌ వచ్చిన కుటుంబాల కోసం ఆగస్టులో పరిచయ సమావేశం పెట్టాం. అందరిదీ ఒకటే ప్రశ్న, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పాఠాల గురించి: "ఏపీ క్లాసులు ఎన్ని ఉన్నాయండీ?" ఊరి నుంచి వచ్చిన ఒక తాతగారు కాసేపు విని, "అయితే తెలంగాణ వాళ్లకి వేరే క్లాసులా?" అని అడిగారు. ఆ నవ్వుల తర్వాత గానీ టెన్షన్ తగ్గి అసలు మాటలు మొదలవలేదు.

స్కూలు కథ కొందరికి కొత్తగా అనిపించింది. ఇక్కడి బడులను నడిపే మన ఇండియన్ ప్రెయిరీ 204 స్కూలు డిస్ట్రిక్టు 1972లో చిన్న చిన్న స్కూలు డిస్ట్రిక్టులు కలిసి ఏర్పడింది. 1975లో వాబాన్సీ వ్యాలీ హైస్కూలు తెరిచారు. ఇరవై ఏళ్లకు పైగా డిస్ట్రిక్టుకు అదొక్కటే హైస్కూలు. ఈలోగా బెల్ ల్యాబ్స్ లాంటి పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలు, వాటి వెనకే ఇళ్లు, మొక్కజొన్న చేలన్నీ ప్లాట్లు. 1980లో 42 వేలున్న నేపర్‌విల్ జనాభా 2000 నాటికి 1,28,000 దాటింది. ఆ ఒత్తిడికే 1997లో నీక్వా వ్యాలీ వచ్చింది, 2009లో మెటీయా వ్యాలీ వచ్చింది. మెటీయా ఎక్కడ కట్టాలన్న దానిమీద కోర్టు దాకా వెళ్లారు. ముందు అనుకున్న స్థలానికి ఎకరం ఐదు లక్షల డాలర్లకు పైగా ధర తేలడంతో డిస్ట్రిక్టు దాన్ని వదిలేసి ఈయోలా రోడ్డుకు మారింది. ఇల్లు కొనేముందు "ఏ స్కూలు కిందికి వస్తుంది?" అని మనవాళ్లు ఎందుకు అంతగా ఆరా తీస్తారో పాతవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ మూడు స్కూళ్ల పేర్లూ ఇక్కడి ఆదివాసులైన పొటవాటమి తెగవాళ్లవే. వాబాన్సీ, మెటీయా ఆ తెగ నాయకులు. నీక్వా వాబాన్సీ కొడుకని చెప్తారు. 1833 చికాగో ఒప్పందంతో ఆ తెగ ఈ నేల వదిలి మిసిసిపీ నది అవతలికి పోవాల్సి వచ్చింది. స్కూలు జెర్సీ మీద ఆ పేరు రోజూ వేసుకునే మన పిల్లల్లో చాలామందికి అది మనిషి పేరని తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు.

ఇంకో మాట. ఈ స్కూలుకు దేశమంతా పేరు తెచ్చింది లెక్కలు కాదు, సంగీతం. 2005లో గ్రామీ సంగీత అవార్డుల వాళ్ల గ్రామీ ఫౌండేషన్ దీన్ని దేశంలోకెల్లా మేటి సంగీత స్కూలుగా ఎంపిక చేసింది. మనం మాత్రం జూనియర్ ఇయర్ (పదకొండో తరగతి) రాగానే "వయొలిన్ చాలు, ఇంకో ఏపీ తీసుకో" అంటాం. అలాగే అడిసన్‌లో టీసీడీ అనే వృత్తివిద్యా కేంద్రం ఉంది. మన డిస్ట్రిక్టు పిల్లలు అక్కడ వంట, ఆటోమొబైల్, నర్సింగ్ అసిస్టెంట్ లాంటి కోర్సులు చదువుకోవచ్చు. దాని గురించి సమావేశంలో ఒక్కరూ అడగలేదు.

ఇక శనివారాల సంగతి. ఇల్లినాయిలో రెండు భాషలు బాగా వచ్చిన హైస్కూలు పిల్లలకు డిప్లొమా మీద 'సీల్ ఆఫ్ బైలిటరసీ' ముద్ర వేస్తారు. ఈ రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీలు దాన్ని రెండేళ్ల హైస్కూలు విదేశీ భాషా చదువుతో సమానంగా లెక్కిస్తాయి. ఆ ముద్ర కోసం తెలుగు రాయడం, మాట్లాడడం ఎంత వచ్చో చూసే స్టాంప్ అనే పరీక్ష ఉంది. అందుకే స్కూలు పక్కనున్న 95వ వీధి లైబ్రరీలో గది తీసుకుని తరగతులు మొదలుపెట్టాం.

మొదటి రోజు అమ్మమ్మకు ఉత్తరం రాయమన్నాం. తడుముకోకుండా తెలుగు మాట్లాడే అమ్మాయి పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి "అమమ" అని రాసింది. ఒత్తులు రెండూ పోయాయి. పక్కనున్న అబ్బాయి చూసి, "ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టెయ్, వాట్సాప్‌లో అలాగేగా" అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి మ కింద మ-ఒత్తు పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టింది. మూడో వారానికి పేజీ నిండా రాసింది. పెసరట్టులో ట-ఒత్తు మాత్రం ఇంకా జారిపోతూనే ఉంది.

ఒక తప్పు మాది. స్టాంప్ పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు సరిగ్గా చూసుకోలేదు. హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న ఇద్దరు సీనియర్లు రాయలేకపోయారు. వాళ్లకు వచ్చే ఏడాది అనే మాట లేదు. ఇంటికి వెళ్లి ఇద్దరి తల్లిదండ్రులకూ క్షమాపణ చెప్పాం. ఇకమీదట గడువు తేదీలు చూడడానికి ఒకరిని ప్రత్యేకంగా పెడుతున్నాం.

తరగతులు శనివారం ఉదయం పదింటికి. ప్రస్తుతం నేర్పేవాళ్లం ఇద్దరమే, అందులో ఒకరు వేసవిలో విజయవాడ వెళ్తున్నారు. వారానికి గంట ఇవ్వగలిగినవాళ్లు కార్యదర్శికి చెప్పండి. గుణింతాలు మర్చిపోయినా పర్వాలేదు, మేమూ పిల్లలతో పాటే దిద్దుకున్నాం.