వాన హెచ్చరికతో పాటు పండు ఈగ హెచ్చరిక కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా విజయవాడ చుట్టుపక్కల మామిడి రైతుల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "వాన పడింది, ఇక కాయలో పురుగు పడ్డట్టే." ఆగిరిపల్లి, నూజివీడు, మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు వైపు తోటలున్నవారికీ, ఆ కాయను నున్న మార్కెట్టుకు తోలేవారికీ ఈ మాట కొత్త కాదు. అనుభవం మీద పుట్టిన మాట కాబట్టి అందులో నిజం ఉంది. అయితే ఆ నిజాన్ని మనం నుదుటి రాతగా తీసుకుని చేతులు కట్టుకు కూర్చుంటున్నాం. వాన పడిన రోజుకూ, కాయలో పురుగు పడే రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో చేయదగిన పని ఉంది. ఆ పని ఎప్పుడు మొదలుపెట్టాలో రైతుకు వేళకు చెప్పే ఏర్పాటే సరిగా లేదు. ఉద్యాన శాఖ, వాతావరణ శాఖ ఈ విషయంపై దృష్టి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆ పురుగు పండు ఈగ పిల్ల. పండు ఈగ ఇంట్లో తిరిగే ఈగంత ఉంటుంది. గోధుమ, నలుపు కలిసిన ఒళ్లు, వీపు మీద పసుపు చారలు, సన్నని నడుము దాని గుర్తులు. తల్లి ఈగ ముదురుతున్న కాయ తొక్కలోకి సూది మొనలాంటి అవయవాన్ని దించి లోపల గుడ్లు పెడుతుంది. పైకి కనిపించేది చిన్న మచ్చ, ఒక్కోసారి దాని మీద జిగురు చుక్క, అంతే. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగిలి, పురుగులు వారం పది రోజులు గుజ్జు తిని, కాయ రాలిన తర్వాత బయటికి వచ్చి మట్టిలోకి దిగుతాయి. పురుగు పట్టిన కాయను కోసి చూస్తే, బాగా ముదిరిన పురుగు తన రెండు కొసలనూ దగ్గరకు తెచ్చుకుని ఒక్క ఉదుటున ఎగిరి అవతల పడుతుంది. అలా ఎగురుతోందంటే మట్టిలోకి దిగే వయసు వచ్చిందని అర్థం. ఒకటి రెండు అంగుళాల లోతున అది ప్యూపాగా (ఈగ కాబోయే ముందు గూడులో కదలకుండా ఉండే దశ) మారి, మరో పది రోజులకు ఈగగా పైకి వస్తుంది. 27, 28 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి ఈగ దాకా ఈ ప్రయాణమంతా సుమారు మూడు వారాల్లో ముగుస్తుంది. చలికాలంలో ఇదే ప్రయాణానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది.

వాతావరణం ప్రభావం అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది ఈ మట్టి దశ మీదనే. భరణి, కృత్తిక కార్తెల్లో వాన జాడ లేకుండా ఎండలు కాస్తే, నేల పై పొర కాలిపోయి, పదును (తేమ) పూర్తిగా ఆరిపోయి, ప్యూపాల్లో చాలా భాగం అక్కడే ఎండి చస్తాయి. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటిన కొద్దీ గుడ్లూ ప్యూపాలూ బతికి బట్టకట్టే పాళ్లు తగ్గుతాయి. మనకు మే నెలలో 40 దాటడం మామూలే కనుక, ఆ ఎండే రైతుకు ఖర్చు లేని కాపలా. అయితే ఆ కాపలా చెట్టు నీడలో అంతగా పనిచేయదు. గుబురుగా పెరిగిన పాత చెట్ల కింద నేల చల్లగానే ఉంటుంది, పైగా కాయ బరువు పెరుగుతుందన్న ఆశతో కోతకు ముందు దాకా పాదులకు నీళ్లు పెట్టేవారు తమ చేతులతో తామే ప్యూపాలకు పదును అందిస్తున్నారు. అందుకే వేసవిలో చెట్ల కింద మట్టిని పైపైన తిరగేసి ప్యూపాలను ఎండకు వేయమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఇది నెల ముందు చేస్తే ఉపయోగం. వాన పడ్డాక చేస్తే శ్రమ మాత్రమే మిగులుతుంది.

అకాల వర్షం ఒక్కటి పడగానే ఈ లెక్కంతా తారుమారవుతుంది. నేల తడిసి మెత్తబడుతుంది, వేడి తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, అంతవరకు మట్టిలో నిలిచిపోయిన ఈగలు కొద్ది రోజుల తేడాతో గుంపుగా పైకి వస్తాయి. రైతు దృష్టికి వాన తెచ్చిన పురుగులా కనిపించేది నిజానికి అప్పటికే అతని పాదులో దాగి ఉన్న పురుగు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మట్టిలో నుంచి వచ్చిన ఆడ ఈగ వెంటనే గుడ్లు పెట్టలేదు; తిండి తిని, ఎదిగి, మగ ఈగతో కలిసేందుకు దానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వాన సూచన నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది కనుక, రైతు చేతిలో దాదాపు రెండు వారాలు ఉన్నట్టే. ఆ రోజుల్లో మగ ఈగలను పట్టేస్తే ఆడ ఈగలకు జోడు దొరకదు. మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం పెట్టిన ఎర బుట్టలు చేసేది సరిగ్గా ఈ పనే. ఎకరాకు 10 బుట్టల వరకు కట్టాలని సిఫారసు. ఆ వాసనకు మగ ఈగలు మాత్రమే వస్తాయి కాబట్టి, ఆడ ఈగలు కలిసిపోయిన తర్వాత కట్టిన బుట్టలు నిండుతాయి గాని కాయకు మేలు జరగదు. వడగాడ్పుల రోజుల్లో ఈగలు ఆకుల నీడ పట్టుకుని ఉంటాయి కనుక బుట్టల్లో తక్కువ పడతాయి. అది చూసి "ఈ ఏడు ఈగ లేదు" అని బుట్టలు తీసేసేవారూ ఉన్నారు. మబ్బు పట్టి ఉక్కపోత మొదలయ్యాక వారే ముందుగా నష్టపోతారు.

వానతో పాటు వచ్చే ఈదురుగాలుల సంగతి విడిగా చెప్పాలి. గాలికి రాలిన కాయను ఏరి అమ్ముకోగలిగినంత అమ్ముకుని, దెబ్బ తిన్నదాన్ని చెట్టు కిందే వదిలేయడం మనకు అలవాటు. రాలి పుచ్చిపోయిన కాయలు ఉన్నచోట ఈగకు తిండీ, తర్వాతి తరానికి ఇల్లూ రెండూ అమరినట్టే. మార్కెట్ల బయట, కాలువ గట్ల మీద, జాతీయ రహదారి పక్కన కుళ్లిన కాయల గుట్టలు ప్రతి మే నెలలో చూస్తుంటాం. వాటిని నగర శుభ్రత సమస్యగా మాత్రమే చూస్తున్నారు, కాని దగ్గరలో తోట ఉంటే అది పంట సమస్య కూడా. రాలిన కాయలను వారానికి రెండు సార్లయినా ఏరి, రెండు మూడు అడుగుల లోతు గోతిలో పూడ్చాలి, లేదా మందపాటి నల్ల పాలిథిన్ సంచుల్లో గట్టిగా మూతి కట్టి ఎండలో వదిలేయాలి. పైపైన మట్టి కప్పితే పురుగు చావదు. అది వెతుక్కుంటున్నదే మట్టి.

ఇక కాలం ముందుకూ వెనక్కూ జరగడం. నవంబరు, డిసెంబరు నెలల్లో వానలు పడి నేలలో పదును ఎక్కువగా ఉంటే మామిడికి కావలసిన ఎండు విశ్రాంతి దొరకక పూత ఆలస్యమవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలన్నీ తడిసి ముద్దయిన సంగతి గుర్తుండే ఉంటుంది. పూత ఆలస్యమైతే కోత ఆలస్యం, కోత ఆలస్యమైతే కాయ ముదిరే రోజులు తొలకరికి ఎదురుగా వెళ్తాయి. ముందుగా తెగే బంగినపల్లి చాలావరకు తప్పించుకుంటుంది. రసాలూ, చెట్టు మీద ఎక్కువ రోజులు ఉంచే కాయా ఈగ నోట పడతాయి. పూత ఆలస్యమైన ఏడు పండు ఈగ నష్టం పెరిగే అవకాశం ఉందని ఫిబ్రవరిలోనే ఊహించవచ్చన్న మాట.

పురుగు లోపలికి పోయాక పిచికారీ చేసి ప్రయోజనం లేదు. గుజ్జులో ఉన్న పురుగుకు మందు తగలదు, కోత ముందు కొట్టిన మందు తినేవారికి మాత్రం తగులుతుంది. అయినా వాన వెలిసిన మర్నాడు పురుగుమందుల దుకాణాల దగ్గర రద్దీ చూస్తే, మన దగ్గర సమాచారం ఏ దారిన వస్తోందో తెలిసిపోతుంది. పండు ఈగ కారణంగా యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని, మరికొన్ని కూరగాయలను ఆపేసింది. మామిడిపై ఆంక్ష మరుసటి ఏడాది తొలగింది. జపాన్‌కు పంపాలంటే ఆవిరి వేడితో కాయ లోపలి గుజ్జును 47.5 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. ఎగుమతి కాయకు ఇంత శ్రద్ధ తీసుకుంటున్నప్పుడు, మన పిల్లలు తినే కాయకు తోటలో కాస్త ముందు జాగ్రత్త తీసుకోమనడం ఎక్కువ అడగడం కాదు.

ఒక్క రైతు బుట్టలు కట్టినంత మాత్రాన పని కాదు. ఈగ పక్క తోట నుంచి, పక్క ఊరి నుంచి కూడా వస్తుంది. మామిడి లేని నెలల్లో జామ తోటల్లో బతుకుతుంది. అందువల్ల ఊరంతా ఒకేసారి కట్టాలి. దీనికి మా ప్రాంతంలో పెద్ద అడ్డంకి గుత్త పద్ధతి. పూత మీదనో పిందె మీదనో తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారికి కోత అయ్యేదాకానే తోటతో సంబంధం. రాలిన కాయ ఏరడానికి కూలి ఖర్చు పెట్టడు. యజమాని ఊళ్లో ఉండకపోతే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఇద్దరినీ నిందించి లాభం లేదు, పని ఎవరి పేరా రాసి లేదు గనుక.

నా విన్నపాలు ఇవి. వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి ప్రతి మంగళ, శుక్రవారాల్లో రైతులకు వాతావరణ ఆధారిత సలహాలు విడుదల చేస్తున్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆ సలహాల్లో మామిడి మండలాల కోసం రెండు వాక్యాలు విడిగా ఉండాలి: వాన ఏ రోజు రావచ్చు, ఎర బుట్టలు ఏ తేదీలోగా కట్టాలి. "పండు ఈగ ఆశించే అవకాశం ఉంది, తగు చర్యలు తీసుకోండి" అన్న మాట రైతుకు ఏ పనీ చెప్పదు. నూజివీడులోని మామిడి పరిశోధన స్థానం తోడ్పాటుతో కొన్ని ఊళ్లలో పరిశీలన బుట్టలు పెట్టి, వాటిలో పడే ఈగల సంఖ్యను వారం వారం రైతు సేవా కేంద్రాల బోర్డు మీద రాయిస్తే రైతు తన కళ్లతో చూసి నమ్ముతాడు. రాయితీ బుట్టలు మార్చి నెలాఖరుకే చేతికందాలి; ఒక ఏడాది మాకు అవి సగం కాయ తెగాక వచ్చాయి. మామిడి సాగు ఎక్కువగా ఉన్న పంచాయతీలు, మార్కెట్ కమిటీలు పుచ్చు కాయ పూడ్చడానికి గోతులు తవ్వించాలి. తోటల గుత్త కాగితాల్లో రాలిన కాయ ఏరే బాధ్యత ఎవరిదో ఒక షరతుగా రాసుకునేలా ఉద్యాన శాఖ ఒక నమూనా పత్రం తయారు చేసి ఇవ్వాలి; వచ్చే పూతకు గుత్తలు మాట్లాడుకునే లోపే అది రైతుల చేతికి చేరాలి.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
విజయవాడ.