విమాన మార్గ పరిశోధనకు మూడేళ్ల గడువు చాలదు

సంపాదకులకు నమస్కారం.

కొత్త విమానాశ్రయాల గురించి ఎంతో చర్చిస్తున్న మనం, విమానానికి దారి చూపే శాస్త్రంపై మన విశ్వవిద్యాలయాల్లో సాగుతున్న కృషిని పట్టించుకోవడం లేదు. ఉస్మానియాలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ కేంద్రం 1982లోనే ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వాతావరణంలో పైన ఉండే విద్యుదావేశ కణాల పొరను, అంటే ఐనో ఆవరణాన్ని, దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్నారు.

ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన ‘గగన్’ వ్యవస్థ జీపీఎస్ లెక్కల్లోని దోషాలను సవరించి, ఆ సవరణలను ఉపగ్రహాల ద్వారా విమానాలకు అందిస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం దీని సాయంతోనే దిగింది. అయితే ఐనో ఆవరణంలోని ఎలక్ట్రాన్లు సంకేతాన్ని ఆలస్యం చేయడం వల్ల, సవరించకుంటే స్థానం లెక్కలో పదుల మీటర్ల తేడా రావచ్చు. భూమి అయస్కాంత క్షేత్రానికి నడిమి గీత అయిన అయస్కాంత మధ్యరేఖ మన దేశ దక్షిణ కొస మీదుగా పోతున్నందున ఇక్కడ ఎలక్ట్రాన్ల సాంద్రత కొద్ది దూరంలోనే బాగా మారిపోతుంది. సూర్యాస్తమయం తర్వాత ఐనో ఆవరణంలో బుడగల వంటి ఖాళీలు ఏర్పడి, సంకేతం రిసీవరుకు అందకుండా పోయే సందర్భాలూ ఉంటాయి. అమెరికా, ఐరోపాల కోసం రూపొందిన నమూనాలు ఇక్కడ యథాతథంగా పనికిరానిది ఇందుకే.

ఈ మార్పుల తీవ్రత సౌరచక్రాన్ని, అంటే సూర్యుడి ఉద్ధృతి పెరిగి తగ్గే క్రమాన్ని, బట్టి మారుతుంది; దాని నిడివి సుమారు 11 ఏళ్లు. మన పరిశోధన ప్రాజెక్టులకు మాత్రం సాధారణంగా మూడేళ్లకే నిధులు మంజూరవుతాయి. అంత తక్కువ కాలంలో పరిశోధక విద్యార్థి చక్రంలో ఒక భాగాన్ని చూడగలడే తప్ప, సూర్యుడి ఉద్ధృతినీ ప్రశాంతతనూ రెండింటినీ కొలవలేడు. 2013లోనూ 2015లోనూ విమానాల్లో వాడకానికి గగన్‌కు ధ్రువీకరణలు లభించినప్పుడు నడుస్తున్నది గత వందేళ్లలోకెల్లా బలహీనమైన సౌరచక్రాల్లో ఒకటి. ఇప్పటి చక్రం అంతకంటే బలమైనదని సూర్యుడి విస్ఫోటాల వల్ల భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైన 2024 మే నాటి అయస్కాంత తుపాను చాటింది. ఇటువంటి సమయంలో కొలతలకు విరామం వస్తే, ఆ లోటు పూరించడానికి మరో చక్రం దాకా ఆగవలసిందే. ప్రాజెక్టు ముగిశాక రిసీవరు నిర్వహణకు డబ్బు లేక గణాంకాల వరుస తెగిపోవడం కంటే విచారకరమైనది ఈ రంగంలో మరొకటి లేదు.

కాబట్టి ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఈ కొలతలు కనీసం ఒక పూర్తి సౌరచక్రం పాటు ఆగకుండా సాగేలా విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, ఉభయ తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలు శాశ్వత నిధి ఏర్పాటు చేయాలనీ, ఆ గణాంకాలను ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, వరంగల్