నాలుగో చాప్టర్‌లో ఊడిపడ్డ మనిషి

విజయవాడ,
ఆదివారం

చిన్నీ,

నవల నాలుగు చాప్టర్లూ తుడిచేశానని ఫోన్లో ఎంత తేలిగ్గా చెప్పేశావే! పక్కన మీ అత్తయ్యావాళ్లు ఉన్నారని అప్పుడు నేనేమీ అనలేదు. ఉత్తరమైతే నిదానంగా చదువుకుంటావని ఇలా రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే ఒక బొటనవేలు గుర్తు పడేసి ఊరుకుంటావు.

నువ్వు చెప్పిన కారణం నాకు బాగానే గుర్తుంది. రాజ్యాల మ్యాపు, వంశవృక్షాలు, ఎవరు ఎప్పుడు చనిపోవాలి, అన్నీ ముందే ఎక్సెల్ షీట్‌లో వేసుకున్నావు. తీరా రాస్తుంటే రేవు దగ్గర ఎవడో గుడ్డి పడవవాడు ఊడిపడ్డాడు. ప్లాన్‌లో లేడు. ఎవరో నీకే తెలీదు. వాడు నోరు విప్పాక నీ హీరోయిన్ నీ మాట వినడం మానేసింది. "నాకు రాయడం రాదమ్మా, అసలైన రైటర్లకి కథంతా ముందే తెలుస్తుంది" అన్నావు. ఆ చివరి ముక్కతోనే నాకు పేచీ.

నీ గదిలో అట్టపెట్టెల్లో, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ చిత్తుప్రతుల పుస్తకాలు వదిలేసి వెళ్లావు కదా, ఆయన కొడుకు క్రిస్టఫర్ వేసినవి. నువ్వు పైన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేను విప్పి చదువుతున్నాను. ఆ యుద్ధాలూ దయ్యాలూ నాకంతగా ఎక్కవు గానీ కొట్టివేతలంటే నాకెంత సరదాయో నీకు తెలుసు. ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే రోజుల్లో కూడా అచ్చయి వచ్చిన ఫారం కంటే రచయిత చేతిరాత కాపీయే ఎక్కువసేపు చూసేదాన్ని. మనిషి ఎక్కడ తడబడ్డాడో అందులో కనపడుతుంది.

ఇక్కడ ఆ తడబాటు మామూలుగా లేదు. 1937 సెప్టెంబరులో ‘హాబిట్’, అంటే బిల్బో అనే పొట్టి జాతివాడి కథ, వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఇంకో హాబిట్ కథ ఇమ్మని పబ్లిషర్ అడిగాడు. టోల్కీన్ ఇవ్వాలనుకున్నది ఇరవై ఏళ్లుగా రాసుకుంటున్న తన పురాణాలు. అవి ఇప్పుడొద్దన్నారు. సరేనని ఆ డిసెంబరులోనే కూర్చుని ఒక చాప్టర్ రాశాడు. అందులో ఉన్నదల్లా ఒక పుట్టినరోజు విందు. శత్రువు లేడు, యుద్ధం లేదు, ప్రయాణం ఎక్కడికో తెలీదు. బిల్బో అందరినీ పిలిచి, భోజనాలయ్యాక లేచి, నేను వెళ్లిపోతున్నాను, పెళ్లి కూడా చేసుకుంటున్నాను అని చెప్పేస్తాడు. అవును, పెళ్లి! ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అనే అంత పెద్ద గ్రంథం మొదలైంది ఆ పెళ్లి కబురుతో.

ఆ ఒక్క చాప్టరే ఐదారుసార్లు తిరగరాశాడు. ఒకసారి విందు ఇచ్చేది బిల్బో, ఒకసారి బిల్బో కొడుకు, ఇంకోసారి పెంచుకున్న బంధువుల అబ్బాయి. ఆ అబ్బాయి పేరేమిటో తెలుసా? బింగో. టోల్కీన్ పిల్లలు ఆడుకునే ఎలుగుబంటి బొమ్మల ఇంటిపేరు! అచ్చయిన పుస్తకంలో హీరో పేరైన ఫ్రోడో అప్పటికి ఉంది గానీ అది వెంట నడిచే మరో కుర్రాడిది. 1938లో తనకోసం రాసుకున్న ఒక కాగితం మీద హాబిట్లు మరీ ఎక్కువైపోయారనీ, బింగో అనేది చెడ్డ పేరనీ, వాణ్ణి ఫ్రోడో చేసెయ్యాలనీ ఉంది. దాని పక్కనే, వద్దు, బింగోకి అలవాటు పడిపోయాను అని ఉంది. ఇది చదివి నేనొక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే మీ నాన్నగారు పేపరు దించి చూశారు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ గారికి కూడా మనలాంటి పంతాలే.

నువ్వు తప్పకుండా చూడాల్సిన పేజీ వేరే ఉంది. ముగ్గురు కుర్రాళ్లు దారిన పోతుంటే వెనక గుర్రం డెక్కల చప్పుడు. మిగతావాళ్లు దాక్కుంటారు. మలుపు తిరిగి ఒక తెల్ల గుర్రం వస్తుంది. దాని మీద మూటలాగా ఒక మనిషి, ఒళ్లంతా పెద్ద దుప్పటి కప్పుకుని, కళ్లు మాత్రం బయటికి కనపడేలా. సరిగ్గా బింగో ఉన్న చోటికొచ్చి గుర్రం ఆగుతుంది. ఆ మనిషి ముక్కు బయటపెట్టి గాలి పీల్చి వాసన చూస్తాడు. చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఉన్నట్టుండి ముసుగులోంచి నవ్వు. "బింగో, నాయనా!" అంటూ ముసుగు తీసేస్తే గాండాల్ఫ్ అనే మాంత్రికుడు! తెలిసిన తాతగారు పిల్లల్ని ఆటపట్టిస్తున్నాడు, అంతే.

అక్కడితో ఆపేశాడు. వెంటనే అదే సీను మళ్లీ రాశాడు. తెల్ల గుర్రం నల్ల గుర్రమైంది. ముసుగు తియ్యడం లేదు, నవ్వూ లేదు. వాసన చూడటం మాత్రం అలాగే ఉంది. ఇంత ప్రపంచాన్ని భయపెట్టిన ఆ నల్ల రౌతులు పుట్టింది ఒక పరాచికంలోంచి. వాడెవడో, ఎందుకొచ్చాడో రాసినాయనకే తెలీదు. కథ తాను అనుకోని మలుపు తిరిగిందని 1938 మార్చిలో పబ్లిషర్‌కి ఉత్తరం రాశాడు. అది చూసి ఆయన పేజీలు చించెయ్యలేదు. ఈ నల్లవాడికి ఏం కావాలి అని ఆలోచించుకున్నాడు. ఆ ఆలోచన చివరికి ‘హాబిట్’లో బిల్బోకి దొరికిన ఉంగరం దగ్గర తేలింది. అప్పటిదాకా ఉంగరం అంటే మాయమవడానికి పనికొచ్చే వస్తువు, అంతకు మించి ఏమీ కాదు. దాని గురించి రాసుకున్న ఒక పాత నోట్‌లో, మంచి పనికి వాడితే పెద్ద ప్రమాదం లేదు అని ఒక మాట ఉంది. ఆ కిందనే, కానీ అది మూల్యం వసూలు చేస్తుంది, దాన్నైనా పోగొట్టుకోవాలి, నిన్ను నువ్వైనా పోగొట్టుకోవాలి అని ఉంది. మొదటి మాట పుస్తకంలో నిలవలేదు. రెండో మాట మీద మొత్తం పుస్తకం నిలబడింది.

నీ పడవవాడి సంగతికి దగ్గరగా ఉండేది ట్రాటర్ కథ. బ్రీ అనే ఊళ్లో సత్రంలో, మూల కూర్చుని పైపు తాగే కొత్త మనిషి గుర్తున్నాడా? చివరికి రాజయ్యే ఆరగోర్న్. మొదటి చిత్తులో వాడు మనిషే కాదు, హాబిట్. పేరు ట్రాటర్. హాబిట్లు చెప్పులు తొడగరు కదా, వీడికి కాళ్లకు చెక్క బూట్లు! ఎందుకు తొడిగాడో టోల్కీన్‌కి తెలీదు. వీణ్ణి ఎక్కడో చూశానని బింగోకి అనిపిస్తుంది, ఎక్కడ చూశాడో కూడా తెలీదు. తర్వాత పేజీలకు పేజీలు టోల్కీన్ తనను తానే అడుగుతాడు. వీడు బిల్బోయేనా? బిల్బో అయితే, చివరిదాకా సుఖంగా బతికాడని ‘హాబిట్’లో చెప్పేశాను కదా? పోనీ తప్పిపోయిన చుట్టమా? శత్రువు చెరలో పాదాలు చిత్రహింస పెట్టారేమో, అందుకే బూట్లేమో? చివరికి హాబిట్ కాదు, మనిషి అని తేలాడు. ఆ పైన పాతకాలపు రాజవంశీకుడని తేలాడు.

నాకు ఆశ్చర్యం ఎక్కడేసిందంటే, చెక్క బూట్ల హాబిట్ సత్రంలో మాట్లాడిన మాటల్లో చాలావరకు అచ్చు పుస్తకంలో రాజుగారి నోట అలాగే ఉన్నాయి. మాటలు ముందొచ్చాయి, అవి మాట్లాడగల మనిషి ఎవరో ఆయన తర్వాత కనుక్కున్నాడు. 1955లో కవి ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. సత్రంలో మూల కూర్చున్న మనిషిని చూసి ఉలిక్కిపడ్డానని, వాడెవడో ఫ్రోడోకి ఎంత తెలుసో తనకూ అంతే తెలుసునని. గాండాల్ఫ్ చెప్పిన రోజుకి ఎందుకు రాలేదో కూడా తనకు తెలీదట. ఆ ‘ఎందుకు’కి జవాబుగా, గాండాల్ఫ్‌ని బంధించే సారుమాన్ అనే మాంత్రికుడు పుట్టేసరికి 1940 వచ్చింది. అంతకుముందు చిత్తుల్లో గాండాల్ఫ్‌ని పట్టి ఉంచింది ట్రీబియర్డ్ అనే దుర్మార్గపు రాక్షసుడు. ఆ తర్వాత అదే ట్రీబియర్డ్ అడవిని కాపాడే మంచి ముసలాయన అయిపోయాడు. చూశావా, ఏదీ పారేసే రకం కాదు ఆయన, పాత చీరతో బొంత కుట్టుకునే మా అమ్మలాగా.

అలాగని అంతా గాలివాటం అనుకోకు. మ్యాపులూ తేదీలూ నీకంటే గట్టిగా పట్టించుకున్నాడు. కొడుకు క్రిస్టఫర్ 1944లో వైమానిక దళంలో ట్రైనింగ్‌కి దక్షిణాఫ్రికాలో ఉంటే, రాసిన చాప్టర్లు రాసినట్టు సీరియల్‌లాగా పోస్టులో పంపేవాడు. ఆ మే నెల ఉత్తరంలో చంద్రుడితో వచ్చిన చిక్కు చెప్పుకున్నాడు. కథలో ఒకవైపు చంద్రుడు ఉదయిస్తుంటే అదే సమయానికి ఇంకోవైపు అస్తమిస్తున్నాడట. వెనక చాప్టర్లు సరిచేసేసరికి మధ్యాహ్నమంతా పోయింది. దానికి వారం ముందు ఉత్తరంలో, కొత్త మనిషి ఒకడు కథలోకి వచ్చాడు, నేను సృష్టించలేదు, కావాలని కూడా కోరుకోలేదు, అడవిలో నడుచుకుంటూ వచ్చేశాడు అని రాశాడు. కథలో బోరొమిర్ అనే వీరుడి తమ్ముడు ఫారమిర్ అలా వచ్చినవాడే. తిథులు చూసుకునే మనిషీ, పిలవని చుట్టాన్ని లోపలికి రమ్మనే మనిషీ ఒక్కరే. నీ ఎక్సెల్ షీట్‌తో నాకు తగవు లేదు. షీట్‌లో లేనివాడు వచ్చాడని ఇల్లే కూలగొట్టుకుంటే ఎలాగ?

ఆ క్రిస్టఫర్ మామూలు పిల్లాడు కాదు. నాలుగైదేళ్ల వయసులో నాన్న ‘హాబిట్’ చెబుతుంటే మధ్యలో ఆపి, పోయినసారి బిల్బో తలుపు నీలం అన్నావు, ఇప్పుడు ఆకుపచ్చ అంటున్నావు అని నిలదీశాడట. నాన్న విసుక్కుంటూనే లేచి వెళ్లి రాసిపెట్టుకున్నాడు. అసలు సిసలైన ప్రూఫ్‌రీడర్! పెద్దయ్యాక తండ్రి కాగితాలన్నీ ముందేసుకుని 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాలు తెచ్చాడు. అందులో ఆరు నుంచి తొమ్మిది వరకు ఎక్కువగా ఈ కథ చిత్తులే. యుద్ధకాలంలో కాగితం దొరక్క తండ్రి పరీక్ష పేపర్ల ఖాళీ వైపున రాశాడు. పెన్సిల్‌తో గీకి, దాని మీదే సిరాతో రాశాడు. కింద ఉన్న పెన్సిల్ రాత చదవడానికి కొడుకు పడ్డ పాట్లు ఆ పుస్తకాల్లో అడుగడుగునా కనపడతాయి. మన ప్రాచీన కావ్యాలకు పాఠాంతరాలు బోలెడున్నాయి గానీ అవి చాలావరకు రాయసగాళ్ల చేతుల్లో పుట్టినవి. తిక్కనగారు ఒక పద్యం కొట్టేసి ఇంకోటి రాసిన తాటాకు దొరికితే నేను పస్తుండైనా వెళ్లి చూసేదాన్ని.

అచ్చయిన పుస్తకాన్ని కూడా చిత్తు కిందే లెక్కేశాడు ఈయన. 1937 నాటి ‘హాబిట్’లో ఉంగరం అసలు దాచుకున్న గొల్లమ్ అనే గుహలోని జీవి పందెం ఓడిపోయి, ఉంగరాన్ని బహుమతిగా ఇవ్వడానికి సిద్ధపడతాడు. కొత్త కథలో ఉంగరం అంత భయంకరమైంది అయ్యాక అది పొసగలేదు. ఆ చాప్టర్ తిరగరాస్తే 1951 ముద్రణలో అదే వచ్చింది. మరి పాతది చదివినవాళ్లకి ఏం చెప్పాలి? మొదట బిల్బో అబద్ధం చెప్పాడు అన్నాడు. నిజాయితీపరుడి చేత కూడా అబద్ధమాడించిందంటే ఆ ఉంగరం ఎలాంటిదో చూడండి అన్నాడు. మా ప్రెస్‌లో అయితే ఇలాంటిదానికి తప్పొప్పుల పట్టిక వేసి ఊరుకునేవాళ్లం. ఈయన తప్పులోంచి కథ లాగాడు.

అన్నీ అచ్చులో ఉంచలేదు, అదీ చెప్పాలి. చివర్లో ఫ్రోడో వెంట నడిచిన శామ్ తన పిల్లలకు ఈ కథంతా చదివి వినిపించే ఒక ముగింపు చాప్టర్ రాసుకున్నాడు. చదివినవాళ్లు వద్దంటే తీసేశాడు. నాకైతే తీసేసి మంచి పని చేశాడనిపించింది, మరీ తీపి ఎక్కువైంది. కానీ కాగితం దాచాడు కాబట్టే ఇవాళ ఆ మాట నేను అనగలుగుతున్నాను. టైపిస్టుకి డబ్బుల్లేక ఆ పెద్ద పుస్తకం మొత్తం తనే టైపు చేసుకున్న మనిషి, పాత పేజీల్ని మాత్రం చెత్తబుట్టలో వెయ్యలేదు.

కాబట్టి ముందు నీ లాప్‌టాప్‌లో రీసైకిల్ బిన్ చూడు. దొరికితే నాకు మెయిల్ చెయ్యి, ప్రింటు తీయించుకుంటాను. దిద్దను, ఒట్టు. ఆ పడవవాడు ఎవరో తేలేదాకా వాణ్ణి రేవు దగ్గరే కూర్చోబెట్టకు, ఐదో చాప్టర్‌లోకి తీసుకుపో. పేరు నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు, బింగోని మార్చలేదూ?

ఇంకో పని కూడా చెయ్యాలి నువ్వు. ఈ రాతప్రతుల్ని 1957లో అమెరికాలోని మార్కెట్ యూనివర్సిటీ కొనుక్కుంది (మన కాళేశ్వరరావు మార్కెట్ కాదులే). 1,500 పౌన్లకు! అది మిల్వాకీలో ఉంది. మీ షికాగో నుంచి రైల్లో గంటన్నరేనట. ముందుగా మెయిల్ పెట్టి, బయటివాళ్లకి చూపిస్తారా, ఎప్పుడు రావచ్చు అని కనుక్కో. వెళ్తే మొదటి చాప్టర్ కాగితాలు ఏమైనా పెట్టారేమో చూసి, పెన్సిల్ ఎంత పలచబడిందో, సిరా ఏ రంగో నాకు రాయి. ఫొటోలు తియ్యనివ్వకపోతే గొడవ పెట్టుకోకు. చలికి టోపీ పెట్టుకుని వెళ్లు. నాన్నగారికి బీపీ కంట్రోల్‌లోనే ఉంది, టెన్షన్ పడకు. గోంగూర పచ్చడి పైవారం వచ్చే మీ ఫ్రెండ్ చేతికిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ