డ్రిల్లు మాస్టారి కన్ను

ఆమదాలవలస,
ఆదివారం రాత్రి.

చిన్నీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మొన్న ఫోనులో, ఆటగాళ్ళ కదలికలు కొలిచే ఈ పరిశోధన వదిలేసి ఉద్యోగంలో చేరనా అని నువ్వు అడిగినదానికి "చూద్దాంలే అమ్మా" అని దాటేశాను. నా దగ్గర జవాబు లేక అలా అన్నాను. నాలుగు రోజులు దాన్నే తలపోసి, ఇప్పుడు కాగితం తీశాను.

"ఏడాదిన్నర కూర్చుని రాసిన వ్యాసాన్ని పదిమంది చదువుతారు నాన్నా. అందులో ఇద్దరు తప్పులు పట్టడానికే చదువుతారు. ఎవరికి ఉపయోగం?" అన్నావు. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టే బెంగళూరు కంపెనీ ఇస్తానన్న జీతమూ చెప్పావు. అది విని నేను మాట్లాడకపోయేసరికి కోపం వచ్చిందనుకున్నావేమో. కోపం కాదు. ఉద్యోగ విరమణ నాడు నేను అందుకున్న జీతం గుర్తుకొచ్చింది, అంతే.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు పెరట్లో చేసిన పని గుర్తుందా? మీ అమ్మ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి, నా చేత పాత నిక్కరు వేయించి, తుంటి దగ్గర ఒకటి, మోకాలి పక్కన ఒకటి, చీలమండ మీద ఒకటి అంటించావు. ఫోనును ఇటుకలకు ఆనించి, బావి గట్టు నుంచి జామచెట్టు దాకా నడవమన్నావు. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఎనిమిదిసార్లు నడిచాక, "కుడికాలు నేల మీద తక్కువసేపు ఉంటోంది నాన్నా, ఆ మోకాలు నొప్పి కదూ?" అన్నావు. ఆ నొప్పి సంగతి మీ అమ్మకు కూడా చెప్పలేదు నేను.

కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. చెమటకు మోకాలి బిళ్ళ జారిందని ఒక నడకను పక్కన పెట్టేశావు. "జారకపోయినా అనుమానించాలి నాన్నా. చర్మం కదిలితే చుక్క కదులుతుంది, ఎముక అంత కదలదు. చుక్కను చూసి ఎముక సంగతి చెప్పేయకూడదు" అన్నావు. మీ ప్రయోగశాలలో లక్షలు పోసి కొన్న కెమెరాలకూ ఇదే తిప్పలట.

సర్వీసంతా చుక్కను చూసి ఎముక సంగతి చెప్పినవాణ్ణి నేను. ఈ కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు మా బడిలో ఖోఖో ఆడే అమ్మాయి ఒకతె ఉండేది. స్తంభం దగ్గర ఆమె తిరిగే తీరు చూడాలి: చెయ్యి ఆనించి, పాదం గుచ్చి, గిరుక్కున మళ్ళేది. మండల పోటీలకు వారం ముందు అలా తిరుగుతూనే కూలబడింది. పక్కన ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. లోపల "టప్" మని చప్పుడైందని చెప్పింది. నేను చూశాను. వాపు పెద్దగా లేదు. కాలు బెణికింది, అంతే అన్నాను. కట్టు కట్టించి, నాలుగో రోజున మళ్ళీ గ్రౌండులోకి దింపాను. "భయపడితే ఆట రాదు" అని కూడా అన్నాను. రెండోసారి పడ్డాక ఆ పిల్ల మళ్ళీ ఆడలేదు.

నువ్వు పంపిన వ్యాసాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగే గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండానే జరుగుతాయట. అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువట. పాదం నేలకు తాకాక సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో మోకాలు లోపలికి ఒరిగి, అంతా అయిపోతుందట. అంత సేపట్లో జరిగేదాన్ని ఏ డ్రిల్లు మాస్టారి కన్ను పట్టగలదు? పట్టానని నేను ధీమాగా చెప్పాను చూడు, అక్కడ ఉంది నా తప్పు. తెలియదని చెప్పి, పెద్ద డాక్టరుకు చూపించి రమ్మని ఉంటే సరిపోయేది.

ఒక్క నా కన్నే కాదులే. శ్రీలంక క్రికెట్ బౌలర్ మురళీధరన్ సంగతి నీకు తెలుసు. 1995లో మెల్‌బోర్న్‌లో అంపైరు కంటికి అతని బౌలింగు, మోచేయి చాపి బంతి విసరడంలా కనిపించి, నోబాల్ మీద నోబాల్ ఇచ్చాడు. తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో కెమెరాలు పెట్టి కొలిస్తే, పుట్టుకతోనే పూర్తిగా చాపుకోని మోచేయి కావడం వల్ల అలా కనిపిస్తోందని తేలింది. ఇంకా కొలుస్తూ పోతే, దాదాపు బౌలర్లందరూ మోచేతిని ఎంతో కొంత చాపుతూనే ఉన్నారు, మన కంటికి ఆనడం లేదంతే. చివరికి 2005లో మోచేయి చాపడానికి అందరికీ 15 డిగ్రీల హద్దు పెట్టారు. ఆ లెక్కలు రాసినప్పుడు వాటినీ పదిమందే చదివి ఉంటారు.

ఉపయోగం అన్నావు కదా. గాయాలు తగ్గించడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన '11+' వ్యాయామాలు నువ్వే పంపావు, చూశాను. ఇరవై నిమిషాల పని, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడకుండా చూసుకోవడం, నడుము, తొడలు గట్టిపడే కదలికలు. పైసా ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. నార్వేలో 125 క్లబ్బుల్లో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల మీద పరీక్షించి, 2008లో ఫలితం ప్రకటించారు. తీవ్రమైన గాయాలు సగానికి దగ్గరగా తగ్గాయి. ఆ ఇరవై నిమిషాలు నా బడి గ్రౌండుకు అప్పట్లో చేరి ఉంటే ఎంత బాగుండేదో అని రాత్రుళ్ళు అనుకుంటాను. అది తయారు కావడానికి ముందు ఎవరో నీలాగే, మోకాలు ఎన్ని డిగ్రీలు ఒరిగిందో చీకటి గదిలో కూర్చుని లెక్కపెట్టి ఉండాలి.

పక్కనున్న ఊసవానిపేట మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో ఎత్తినది 240 కిలోలు, బంగారం పోయింది రెండున్నర కిలోల తేడాతో. అప్పుడు ఊరంతా మిఠాయిలు పంచుకున్నాం, ఆ రెండున్నర కిలోల గురించి ఎవరం ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తాను. బార్ బెత్తెడు ముందుకు పోయిందా, తుంటి ఒక క్షణం ముందు లేచిందా అని అడిగే చదువు నీది.

ఇవన్నీ రాసి నిన్ను కట్టిపడేస్తున్నాననుకోకు. ఆ గడియారం ఉద్యోగమూ తప్పు పని కాదు. నీకు అప్పు ఉంది, వయసు ముప్ఫై దాటుతోంది, పోస్టులు ఎక్కడ పడతాయో తెలియదు, ఇదంతా నాకు అర్థం కానిది కాదు. నువ్వు ఏది ఎంచుకున్నా నేను, మీ అమ్మ నీ వెనకే ఉంటాం. కానీ "ఎవరికి ఉపయోగం" అన్న ఒక్క కారణంతో మాత్రం వదలకు, అది నిజం కాదు గనుక. మీ పుస్తకాల్లోని కొలతలు ఎక్కువగా బూట్లు తొడుక్కున్న విదేశీ విద్యార్థులవని నువ్వే అన్నావు. ఇక్కడి పిల్లలు వట్టి కాళ్ళతో, ఎర్రమట్టిలో, గంజి తాగి ఆడతారు. వీళ్ళ మోకాళ్ళు ఎవరు కొలుస్తారు?

మొన్న శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఆ అమ్మాయి కనిపించింది. బస్సు దిగుతోంది. ప్రతి మెట్టుకూ ఎడమకాలే ముందు పెట్టి, కుడికాలును దాని పక్కకు చేర్చుకుంటోంది. నన్ను చూసి "మాస్టారూ" అంటూ రెండు చేతులూ జోడించింది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. పిల్లల గురించి అడిగాను. కూతురు ఎనిమిదో తరగతట, ఖోఖో ఆడుతోందట, స్తంభం దగ్గర అచ్చం తనలాగే తిరుగుతుందట. అది చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగింది, నాకు గుండె జారింది.

వేసవికి వస్తావు కదా, ఆ పిల్లను ఒకసారి చూడు. బొట్టుబిళ్ళలు రెండు అట్టలు కొని ఉంచాను.

మీ నాన్న