నీళ్లు రావని చెప్పొచ్చు, రాలేదని చెప్పకూడదు

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మీ పేపర్లో రేడియో గురించి ఒక పేజీ మొత్తం వేశారు. వివిధ భారతి, సిలోన్, మర్ఫీ సెట్టు, పొద్దున వార్తలు విని గడియారం సరిచేసుకునే తాతయ్యలు. చదవడానికి బాగానే ఉంది, నేనూ ఆ బాపతు మనిషినే. కానీ ఆ పేజీ చూస్తే రేడియో ఎప్పుడో పోయిందని, మనం దానికి తద్దినం పెడుతున్నామని అనిపించింది. బెంగళూరులో నా జిరాక్స్ అంగడిలో పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా రేడియో మోగుతూనే ఉంటుంది సార్. నేను పెట్టేది కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతం జనం కోసం కాలేజీలో స్వచ్ఛంద సంస్థలో నడిపే చిన్న రేడియో, అందుకని పాటల కంటే మనుషుల మాటలే ఎక్కువ వినిపిస్తాయి. దాని గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బెంగళూరులో మొదట వచ్చిన కమ్యూనిటీ రేడియో, జైన్ విద్యాసంస్థ నడిపే రేడియో యాక్టివ్. 2007 నుంచి ఎఫ్ఎం 90.4 మీద వస్తోంది. చెత్త ఏరుకునేవాళ్లు, ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు అందులో వాళ్ల సంగతులు వాళ్లే చెప్పుకున్నారు. ప్రియాంక దివాకర్ అనే ట్రాన్స్‌జెండర్ మహిళ అక్కడే ఆర్జేగా పని చేశారు, దేశంలోనే మొదటి ట్రాన్స్‌జెండర్ ఆర్జే అని అప్పట్లో పత్రికలు రాశాయి. సిగ్నల్ దగ్గర చప్పట్లు కొడితే కారు అద్దం ఎక్కించేసే ఊళ్లో ఆమె మైకు ముందు కూర్చుని తన బతుకు తాను చెప్పుకుంది. చిన్న విషయమేమీ కాదు. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం ఆ స్టేషన్ సంగతి కాదు, ఇంకో చోట జరిగింది, పేరు అక్కర్లేదు.

మా వీధి ఊడ్చే అక్క ఒకామె ఉంది. మడకశిర దగ్గర పల్లె, ఇరవై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఈ ఊళ్లో పౌరకార్మికుల్లో, అంటే వీధులు ఊడ్చేవాళ్లలో, మన తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు, అనంతపురం, చిత్తూరు, పాలమూరు నుంచి వచ్చిన దళిత కుటుంబాలు, రెండో తరం మూడో తరం కూడా అదే చీపురు పట్టుకుని ఉన్నాయి. మా అక్క చీకటి ఉండగానే మస్టరింగ్ దగ్గర హాజరు వేయించుకుని, తొమ్మిదిన్నరకి మా పక్క అంగట్లో టీ తాగుతుంది. ఒక స్టేషన్‌లో పని చేసే పిల్లవాడు మా దగ్గరికి జిరాక్సులకి వస్తూ ఆమెతో మాట కలిపి, మా ప్రోగ్రాంలో మాట్లాడతావా అక్కా అని అడిగాడు. ఆమె వారం రోజులు టెన్షన్ పడింది, చివరికి "నువ్వూ రా అన్నా, నాకొక్కదానికి భయం" అంటే అంగడి మూసి వెళ్లాను. పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుని వచ్చింది. రేడియోలో చీర ఎవరికి కనబడుతుంది అని నేనంటే తిట్టింది.

రికార్డింగ్‌కి ముందు అక్కడి ఇన్‌ఛార్జి చాలా మర్యాదగానే చెప్పాడు. సమ్మె మాట వద్దమ్మా, ఏ ఇంజనీరు పేరూ వద్దు, ఇప్పుడు జరుగుతున్న గొడవలేవీ వద్దు, అవన్నీ వార్తల కిందికి వస్తాయి, మాకు పర్మిషన్ లేదు, నీ ఆరోగ్యం గురించి చెప్పు, పండుగల గురించి చెప్పు, పాట వస్తే పాడు. ఆమె కాసేపు ఆలోచించి, "మూడు నెలలుగా గ్లవ్స్ ఇయ్యలేదు సార్, చేతులకి పుండ్లు లేచినాయి, ఇది ఆరోగ్యమా వార్తా?" అని అడిగింది.

అతను నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. ఏం చెబుతాడు పాపం. మొత్తం నలభై నిమిషాలు మాట్లాడింది, గ్లవ్స్ సంగతి, హాజరు మిషన్ వేలిముద్ర పట్టక సగం జీతం పోయిన సంగతి, అన్నీ చెప్పింది. రేడియోలో వచ్చింది తొమ్మిది నిమిషాలు. ఉగాది, ఓళిగలు, నాట్లేసేటప్పటి పాట.

నేను కోపంతో ఇంటికొచ్చి మా అబ్బాయి చేత ఆ నియమాలు వెతికించి చదివాను. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం గానీ కమ్యూనిటీ రేడియో గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వినిపించొచ్చు, కమ్యూనిటీ రేడియో అయితే వాటిని మన యాసలోకి మార్చి కూడా చెప్పొచ్చు. అంటే ఢిల్లీలో ఏం జరిగిందో మడకశిర యాసలో చెప్పడానికి అనుమతి ఉంది, మడకశిర మనిషికి బెంగళూరులో ఏం జరిగిందో చెప్పడానికి లేదు. ఇంకా తమాషా ఏమంటే కొన్నింటిని వార్తలు కావని మినహాయించారు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కరెంటు, నీళ్లు లాంటివి, ఆ చివరి రెండూ స్థానిక అధికారులు ఇస్తే. రేపు మీ వార్డులో నీళ్లు రావు అని నీళ్ల బోర్డు ఇచ్చిన ప్రకటన చదవొచ్చు. పది రోజులుగా నీళ్లు రాలేదు, జనం బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు అంటే అది వార్త, తప్పు.

ఇది ఎవరి గాలి అసలు? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది, రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని. కేసు మొదలైంది క్రికెట్ గొడవతో, హీరో కప్ ప్రసారం మీద దూరదర్శన్‌కీ బెంగాల్ క్రికెట్ సంఘానికీ తగాదా. తీర్పు రాసినవాళ్లలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు, మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. మరుసటి ఏడాదే ఈ బెంగళూరులో కొంతమంది కూర్చుని కమ్యూనిటీ రేడియో కావాలని డిక్లరేషన్ రాశారు. ఆ తర్వాత సర్కారు ముందు కాలేజీలకి ఇచ్చింది, 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా యూనివర్సిటీ రేడియో మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకి 2006లో గానీ తలుపు తెరవలేదు. మా కోలారు జిల్లా బూదికోటలో, అదే హైదర్ అలీ పుట్టిన ఊరు, అంతదాకా ఆగలేక కేబుల్ టీవీ తీగల మీదే నమ్మ ధ్వని అని రేడియో నడిపారు. మావాళ్లకి ఓపిక తక్కువ, మంచిదే అయింది.

తెలుగులో అయితే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ సంఘం రేడియో గురించి ప్రతి తెలుగువాడికీ తెలియాలి, ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి. దళిత ఆడవాళ్లు నడిపే రేడియో. స్టూడియో కట్టుకుని, రికార్డింగ్ నేర్చుకుని కూడా లైసెన్సు రాక పదేళ్లపాటు క్యాసెట్లు పట్టుకుపోయి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న మొదలైతే ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు, ఆ తీర్పు రాసిన జస్టిస్ సావంతే. అందులో మాట్లాడే జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ పరీక్షలు రాసి చేరిన ఆర్జేలు కారు, విత్తనాల గురించి, జొన్న రొట్టె గురించి, కూలి గురించి వాళ్ల మాటలోనే మాట్లాడారు. దాన్ని నిలబెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పి.వి. సతీష్ గారు మైసూరు మనిషి, 2023లో పోయారు. సొంత విత్తనం దాచుకుంటాం అని ఒక ఆడమనిషి రేడియోలో చెబితే అది వ్యవసాయ సలహానా, విత్తన కంపెనీల మీద తిరుగుబాటా? నాకైతే రెండూ అనిపిస్తుంది. ఎక్కడ గీత గీస్తారు? గీయలేరు. అందుకని స్టేషన్లవాళ్లు ఎందుకొచ్చిన గొడవ అని ఇంకో పది అడుగులు వెనకే ఆగిపోతారు. చట్టం ఆపినదానికంటే ఆ భయం ఆపేదే ఎక్కువ అని నా అనుమానం.

మా అంగడికి వచ్చే ఒక రిటైర్డ్ ఆఫీసరు గారు అంటారు, వార్తలు వదిలేస్తే రెచ్చగొడతారండీ, కులం మతం అంటూ గొడవలు పెడతారు అని. భయం అబద్ధమని నేననను. కానీ కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మీటరు మామూలుగా వంద వాట్లు, పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినబడదు, ఈ ఊరి అపార్ట్‌మెంట్ల మధ్య అంత కూడా రాదు. లైసెన్సు ఉంది, అడ్రసు ఉంది, ప్రసారం చేసిన ప్రతి ప్రోగ్రామూ మూడు నెలలు దాచిపెట్టాలని నియమం ఉంది. తప్పు మాట్లాడితే రేపు పొద్దునే పట్టుకోవచ్చు. అమ్మానాన్న లేని వాట్సాప్ ఫార్వర్డులు రోజుకి వంద వస్తున్నాయి, రాత్రి తొమ్మిదింటికి టీవీల్లో ఎనిమిదిమంది ఒకేసారి అరుస్తున్నారు, వాటికి లేని అడ్డు ఒక పౌరకార్మికురాలి గ్లవ్స్‌కి వచ్చిందా? కామన్ కాజ్ సంస్థ 2013లోనే ఈ వార్తల నిషేధం మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది.

ఇంకోటి కూడా ఉంది. ఈ ఊళ్లో నిరసన అంటే ఇప్పుడు ఫ్రీడం పార్కే. వేరెక్కడా ధర్నా, ఊరేగింపు కూడదని 2021 డిసెంబర్‌లో పోలీసు ఉత్తర్వు వచ్చింది. ఆ పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు, ఎమర్జెన్సీలో వాజపేయిని, అద్వానీని పెట్టిన జైలు, ఇప్పుడు దాని పేరు ఫ్రీడం. టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడితే బస్సులో పోయేవాళ్లయినా తల తిప్పి చూసేవాళ్లు. పార్కులో ఎవరు చూస్తారు, పోలీసులూ, పక్క టెంటులో ఇంకో సంఘం వాళ్లూ. 2022 జూలైలో పౌరకార్మికులు పర్మనెంట్ చేయమని సమ్మెకి దిగి అక్కడే కూర్చున్నారు, మా అక్క కూడా వెళ్లింది. ఆ నాలుగు రోజులూ నేను పేపర్లలో చదివింది ఎక్కువ ఊరి కంపు గురించి. మీ పేపర్ని కూడా కలిపే అంటున్నాను, ఏమనుకోకండి. ఆ పోరాటం ఊరికే పోలేదు, 2025 మే డే రోజు పన్నెండు వేలమందికి పైగా పర్మనెంట్ ఉత్తర్వులు అందుకున్నారు. అదంతా ఎట్లా జరిగిందో వాళ్ల నోటి నుంచే, తెలుగూ కన్నడమూ కలిసిన వాళ్ల మాటలోనే, ఒక గంట రేడియోలో వినే యోగం మనకి లేదు. మా అక్క దగ్గరున్నది కీప్యాడ్ ఫోను, అందులో ఎఫ్ఎం ఉంది, ఊడుస్తూ చెవిలో పెట్టుకుంటుంది. పేపరు చదవడం ఆమెకి రాదు. ఆమెకి అందే వార్త అదొక్కటే, అది మూసేశాం.

నేను అడిగేది కేంద్రాన్ని ఒకటి, మిమ్మల్ని ఒకటి. దేశం వార్తలు, ఎన్నికల వార్తలు వద్దంటే వద్దు, కనీసం ఆ పది కిలోమీటర్ల లోపల జరిగింది చెప్పుకోనివ్వాలి, నీళ్లు, జీతాలు, రేషను, డ్రైనేజీలో దిగి చచ్చిపోయినవాళ్ల సంగతి. ఎవరి మీద ఆరోపణ వస్తే వాళ్లని కూడా పిలిచి అదే మైకు ముందు కూర్చోబెట్టాలి, ఆ షరతు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఇక మీకు, మీ బెంగళూరు పేజీలో వారానికి అర కాలమ్ ఇవ్వండి. రేడియో చెప్పకూడనిది పేపరు చెప్పొచ్చు కదా, మీకు ఆ నిషేధం లేదు.

ఆమె మాట్లాడిన మిగతా ముప్పై ఒక్క నిమిషాలు ఆ స్టేషన్ కంప్యూటర్లో ఇంకా ఉన్నాయని ఆ పిల్లవాడు చెప్పాడు. మీ విలేకరిని పంపితే నేను అంగట్లోనే ఉంటాను, తొమ్మిదిన్నరకి వస్తే ఆమె కూడా ఉంటుంది. అడిగాను, "రాసుకోమను, ఈసారి పాట పాడను" అంది.

ఇట్లు,
మీ పాఠకుడు, బెంగళూరు